రైలు ఆగిపోయే చోటు నుంచి లెక్క వేసుకో, అమ్మడూ



దసరా సెలవుల్లో అమ్మానాన్నల్నీ, మీ అత్తగారినీ, పిల్లాణ్ణీ వెంటబెట్టుకుని గాంగ్‌టక్ వెళ్ళాలనుకుంటున్నారని మా అక్కయ్య, అదే మీ అమ్మ, ఫోన్లో చెప్పింది. విని చాలా సంతోషించాను. మంచుకొండలు ఒక్కసారైనా కళ్ళారా చూడాలని మీ అమ్మ ఏళ్ళ తరబడి అంటూనే ఉంది. ఆ కోరిక నీ చేతుల మీదుగా తీరబోతోంది. బావగారు విమానం వద్దు, రైల్లోనే వెళ్దామన్నారనీ, తీరా చూస్తే ఆ ఊరికి రైలే లేదని తెలిసి నువ్వు దిగాలు పడ్డావనీ కూడా చెప్పింది.

దిగాలు పడకమ్మా. రైలు లేని ఊరికి రైల్లో వెళ్ళడం మనకేం కొత్త కాదు. భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. రాములవారి గుడికి అక్కణ్ణుంచి ఇంకో 40 కిలోమీటర్లు పోవాలి. రాఘవేంద్రస్వామి దర్శనానికి వెళ్ళేవాళ్ళు మంత్రాలయం రోడ్‌లో దిగి బస్సో ఆటోనో ఎక్కుతారు. ఆ దారులు చదునుగా ఉంటాయి, బళ్ళు బోలెడు దొరుకుతాయి కాబట్టి మనమెవరం దాన్ని గురించి ఆలోచించం. గాంగ్‌టక్‌ అలా కాదు. న్యూ జల్పాయ్‌గురి స్టేషన్లో రైలు దిగాక ఇంకా 120 కిలోమీటర్ల కొండదారి ఉంటుంది. ఒకవైపు కొండ, రెండోవైపు తీస్తా నది. అన్నీ బాగుంటే నాలుగైదు గంటలు, బాగోకపోతే ఎంతసేపో ఎవరూ చెప్పలేరు.

రిజర్వేషన్ కౌంటర్లో కూర్చుని ఉద్యోగమంతా గడిపినవాణ్ణి కదా, ఇలాంటి ఊళ్ళకి బయల్దేరేవాళ్ళని చాలామందిని చూశాను. అందరూ ముందు మన ఊళ్ళో ఎక్కే బండి గురించే అడిగేవారు. విజయవాడలో ఎన్నింటికి ఎక్కాలి, బెర్తు ఉందా లేదా, అంతే. రైలు దిగాక ఎలా అని అడిగితే "అక్కడ ఏదో ఒకటి దొరుకుతుందిలెండి" అనేవారు. కుర్రవాళ్ళు నలుగురు వెళ్తే నిజంగానే ఏదో ఒకటి దొరుకుతుంది. మోకాళ్ళ నొప్పులున్న మీ అమ్మనీ, బీపీ ఉన్న బావగారినీ, డెబ్భై దాటిన మీ అత్తగారినీ తీసుకెళ్ళేటప్పుడు ఆ మాట చాలదు. విజయవాడ నుంచి న్యూ జల్పాయ్‌గురి దాకా సుమారు 1,800 కిలోమీటర్లు. అదంతా పట్టాల మీద పడుకుని వెళ్ళిపోతారు. మిమ్మల్ని సుఖపెట్టేదైనా కష్టపెట్టేదైనా చివరి 120 కిలోమీటర్లే. అందుకని నేను చెప్పేదొకటే. ప్లాను ఇక్కణ్ణుంచి అక్కడికి వెయ్యకు, అక్కణ్ణుంచి ఇక్కడికి వెయ్యి. పెళ్ళికి ముహూర్తం పెట్టుకున్నాక మిగతా పనులన్నీ దాన్నుంచి వెనక్కి లెక్కేసుకుంటాం చూడు, అలాగ.

అన్నిటికన్నా ముందు ఏ నెలలో వెళ్ళాలన్నది తేల్చుకో. నా మాట వింటే దసరా మానుకోండి. మన దసరా రోజులే బెంగాలీలకి దుర్గా పూజ రోజులు. సెలవులిస్తే బెంగాలీ కుటుంబాలు కట్టే మొదటి పెట్టె కొండలకే. మన దక్షిణాదిలో పనిచేసే బెంగాల్, అస్సాం వాళ్ళంతా పండగకి ఇళ్ళకి బయల్దేరతారు. దాంతో అటు వెళ్ళే బండి ఏదీ ఖాళీగా ఉండదు. రద్దీ ఒక్కటే అయితే ఎలాగో సర్దుకోవచ్చు. వాన సంగతి అంతకన్నా పెద్దది. అక్కడ వానలు జూన్‌లో మొదలై సెప్టెంబరు దాటేదాకా ఉంటాయి, అక్టోబరు మొదటి వారంలో కూడా నమ్మడానికి లేదు. 2023 అక్టోబరు 3వ తేదీ రాత్రి ఉత్తర సిక్కింలోని సౌత్ లోనాక్ అనే మంచు సరస్సు గట్టు తెగింది. ఆ నీటికి చుంగ్‌థాంగ్ దగ్గరి ఆనకట్టే కొట్టుకుపోయింది. తీస్తా ఒడ్డున ఉన్న ఊళ్ళూ, వంతెనలూ, జాతీయ రహదారీ దెబ్బతిన్నాయి. ఎంతోమంది ప్రాణాలు పోయాయి. 2025 అక్టోబరు మొదటి వారంలో కూడా పెద్దవానకి డార్జిలింగ్ కొండల్లో చరియలు విరిగిపడి జనం చనిపోయారు. నిన్ను భయపెట్టాలని కాదు ఇదంతా చెబుతున్నది. ముగ్గురు పెద్దవాళ్ళని తీసుకెళ్ళే ప్రయాణం కాబట్టి, మన చేతిలో ఉన్న తేదీనైనా మంచిది ఎంచుకుందామని.

నవంబరు మూడో వారం దాటాక వెళ్ళండి. దీపావళి, బీహారు వాళ్ళ ఛఠ్ పండగ అన్నీ అయిపోయి ఉంటాయి. రోడ్డు పొడిగా ఉంటుంది. ఆకాశం తేటగా ఉండి కాంచన్‌జంగ కనిపించే రోజులవి. పిల్లాడికి బడి పోతుందని అల్లుడుగారు అనొచ్చు. మూడో తరగతి చదివేవాడికి వారం పదిరోజులు బడి పోతే ఏమీ కాదు, అమ్మమ్మతో తాతయ్యతో కలిసి హిమాలయం చూడడం వాడికి జన్మంతా గుర్తుంటుంది. బడి మానిపించడం ఎంతమాత్రం కుదరదంటే ఏప్రిల్ నెలాఖరుకి వెయ్యి. జూన్ వానలకి ముందే తిరిగి వచ్చెయ్యొచ్చు.

ఇప్పుడు ఆ వెనకనుంచి వేసే లెక్క చూద్దాం. మీ అమ్మకి మంచు చూపించాలి. దానికి గాంగ్‌టక్ నుంచి ఛంగూ సరస్సుకి, వీలైతే నాథులా కనుమకి వెళ్ళాలి. నాథులాకి సోమ మంగళవారాల్లో యాత్రికుల్ని పంపరు. అక్కడికి అనుమతి పత్రం కావాలి. రిజిస్టరైన ట్రావెల్ ఏజెన్సీ వాళ్ళే ముందురోజు తీసుకుంటారు. ఒక్కొక్కరివీ పాస్‌పోర్టు సైజు ఫోటోలూ, గుర్తింపు కార్డు నకళ్ళూ ఇంటి దగ్గరే సిద్ధం చేసుకో. ఓటరు కార్డు అందరూ తెచ్చుకోండి, పిల్లాడికి జనన ధృవీకరణ పత్రం. ఎత్తు సంగతి కూడా చూడాలి. గాంగ్‌టక్ 5,400 అడుగుల ఎత్తులో ఉంటుంది, దానికి ఎవరూ భయపడక్కర్లేదు. ఛంగూ 12,000 అడుగులు దాటుతుంది, నాథులా 14,000 దాటుతుంది. ఊరు చేరిన మర్నాడే పైకి ఎక్కెయ్యకుండా ఒక రోజు గాంగ్‌టక్‌లోనే నెమ్మదిగా తిరగండి. బావగారిని బయల్దేరే ముందే డాక్టరుకి చూపించు. వద్దంటే ఆయన ఛంగూకీ వెళ్ళక్కర్లేదు, హోటల్ కిటికీలోంచి కాంచన్‌జంగని చూస్తూ కూర్చుంటారు. ఆయనతో ఒకరు ఉండిపోండి. ఆయన నొచ్చుకుంటారని మొహమాటపడి మాత్రం తీసుకెళ్ళొద్దు.

పైకి వెళ్ళేది గురువారం అనుకుందాం. బుధవారం విశ్రాంతి, ఆ రోజే పర్మిట్ పని. అంటే మంగళవారం సాయంత్రానికి గాంగ్‌టక్ చేరాలి. చేరాలంటే ఆ ఉదయం పది గంటలకల్లా న్యూ జల్పాయ్‌గురి నుంచి జీపు కదలాలి. ఎందుకంటే నవంబరులో అక్కడ పొద్దు తొందరగా గూకుతుంది. మన విజయవాడలో ఇంకా ఎండ కాస్తున్నప్పుడే, అయిదు కొట్టకముందే అక్కడ చీకట్లు ముసురుతాయి. చీకట్లో ఆ ఘాటు రోడ్డు మీద ప్రయాణం వద్దు. మధ్యాహ్నం రెండు దాటాక స్టేషన్లో దిగారంటే కొండెక్కే ఆలోచనే పెట్టుకోకండి. సిలిగురిలో గది తీసుకుని పడుకోండి.

కాబట్టి బండిని ఎంచుకునేటప్పుడు విజయవాడలో ఎన్నింటికి ఎక్కుతామన్నది రెండో ప్రశ్న. న్యూ జల్పాయ్‌గురిలో ఎన్నింటికి దింపుతుందన్నది మొదటి ప్రశ్న. మన వైపు నుంచి తిన్నగా అటు పోయే బళ్ళున్నాయి. కన్యాకుమారి నుంచి డిబ్రూగఢ్ పోయే వివేక్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ, విశాఖపట్నం మీదుగానే పోతుంది. నాలుగు వేల కిలోమీటర్లకి పైగా నడిచే బండి అది, మన దేశంలో అంత దూరం పోయేది మరొకటి లేదు. చెన్నై నుంచి, బెంగుళూరు నుంచి గువాహటి వైపు వెళ్ళేవి ఉన్నాయి, సికింద్రాబాద్ నుంచి అస్సాం వైపు ఒక వారపు బండి ఉంది. ఈశాన్యానికి పోయే పట్టాలన్నీ సిలిగురి దగ్గరి ఆ సన్నటి నేలపట్టీలోంచే పోవాలి కాబట్టి ఏది ఎక్కినా న్యూ జల్పాయ్‌గురి వస్తుంది. బండి మారే పని లేదు, సామాను ఒకసారి ఎక్కించి ఒకసారి దించుకోవడమే. కాకపోతే ఒకటిన్నర రోజు దాటి, రెండు రాత్రుళ్ళు బెర్తు మీదే గడపాలి. అంత దూరం నుంచి వచ్చే బండి గంటా రెండు గంటలు ఆలస్యం కావడం మామూలు.

రెండో దారి కలకత్తా మీదుగా. సికింద్రాబాద్‌లో సాయంత్రం కదిలే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ గుంటూరు, విజయవాడ మీదుగా మర్నాడు సాయంత్రానికి హౌరా చేరుతుంది. మీరు సికింద్రాబాద్‌లో ఎక్కితే అమ్మానాన్నా విజయవాడలో ఎక్కుతారు. తెల్లారేసరికి ఒరిస్సా, పగలంతా కిటికీ పక్కన కూర్చోవచ్చు. హౌరాలో దిగి, వేరే రైలేదీ పట్టుకోకుండా, ఆ రాత్రి కలకత్తాలో పడుకోండి. మర్నాడు దక్షిణేశ్వరం, బేలూరు మఠం చూసుకుని, రాత్రి సియాల్దాలో డార్జిలింగ్ మెయిల్ ఎక్కితే పొద్దున్నే న్యూ జల్పాయ్‌గురిలో దింపుతుంది. రెండు గంటలు ఆలస్యమైనా మీకు పగలు మిగులుతుంది. ఆ బండిని నేను ఎంచడానికి కారణం అదే. హౌరా నుంచి వందే భారత్ కూడా ఉంది, 2022 డిసెంబరు 30న మొదలైంది. తెల్లవారే కదిలి ఏడున్నర గంటల్లో చేర్చేస్తుంది. బండి మంచిదే కానీ మధ్యాహ్నం దింపుతుంది కాబట్టి మీకు ఆ రోజు సిలిగురి దాటి పోవడం కుదరదు. అదెక్కితే సిలిగురిలో ఒక రాత్రి కలుపుకో.

నన్నడిగితే వెళ్ళేటప్పుడు కలకత్తా మీదుగా మజిలీ చేసుకుంటూ వెళ్ళండి, వచ్చేటప్పుడు తిన్నగా ఒకే బండిలో వచ్చెయ్యండి. వెళ్ళేటప్పుడు అందరికీ ఓపిక ఉంటుంది, నాలుగు చోట్లు చూడాలనిపిస్తుంది. వచ్చేటప్పుడు ఇల్లు చేరితే చాలనిపిస్తుంది. మంగళవారం పొద్దున న్యూ జల్పాయ్‌గురి అంటే సోమవారం రాత్రి సియాల్దా, ఆదివారం సాయంత్రం హౌరా, శనివారం బయల్దేరడం. చూశావా, గురువారం నాథులా దగ్గర మొదలుపెడితే శనివారం మన స్టేషన్ దానంతటదే వచ్చింది.

కలకత్తాలో ఒక జాగ్రత్త. హౌరా, సియాల్దా వేరు వేరు స్టేషన్లు, మధ్యలో హుగ్లీ నది. ఇప్పుడు మన వైపు నుంచి వెళ్ళే కొన్ని బళ్ళు షాలిమార్‌లో ఆగిపోతాయి, అది ఇంకోటి. టికెట్ మీద ఏ స్టేషన్ అని రాసి ఉందో రెండుసార్లు చదువుకో. హౌరాకీ సియాల్దాకీ మధ్య టాక్సీ కోసం బేరమాడుతూ, ట్రాఫిక్‌లో ఇరుక్కుని అవస్థపడేవాళ్ళం. ఇప్పుడు నది అడుగునుంచి మెట్రో వచ్చింది. 2024 మార్చిలో ఎస్‌ప్లనేడ్ దాకా, 2025 ఆగస్టులో సియాల్దా దాకా కలిపారు. లిఫ్టులున్నాయి కాబట్టి మీ అమ్మ మెట్లెక్కక్కర్లేదు. పావుగంట లోపే ప్రయాణం.

ఇక టికెట్లు. రిజర్వేషన్ ఇదివరకు 120 రోజుల ముందు తెరిచేవారు, 2024 నవంబరు 1 నుంచి 60 రోజులే. పొద్దున ఎనిమిదింటికి తెరుస్తారు. ఇందులో చాలామందికి తెలియని సంగతొకటుంది. ఆ అరవై రోజులు లెక్కపెట్టేది బండి మొదటి స్టేషన్లో కదిలే తేదీనుంచి, నువ్వెక్కే తేదీనుంచి కాదు. కన్యాకుమారిలో ఇవాళ కదిలిన బండి విజయవాడకి వచ్చేది రేపు. అంటే నువ్వనుకున్న రోజుకన్నా ఒకరోజు ముందే దాని రిజర్వేషన్ తెరుచుకుని ఉంటుంది. తిరుగు ప్రయాణానికి కూడా ఇదే లెక్క. డిబ్రూగఢ్ వైపు నుంచి వచ్చే బండి న్యూ జల్పాయ్‌గురికి ఏ రోజు వస్తుందో, డిబ్రూగఢ్‌లో ఏ రోజు కదులుతుందో చూసుకుని కూర్చో.

ఆరుగురికీ ఒకే టికెట్ తియ్యకు. అరవై దాటిన మగవాళ్ళకీ, నలభై అయిదు దాటిన ఆడవాళ్ళకీ కింది బెర్తుల కోటా ఉంది, కానీ ఆ టికెట్ మీద ఒక్కరో ఇద్దరో ఉంటేనే, ఆ ఇద్దరూ ఆ వయసువాళ్ళయితేనే అది వర్తిస్తుంది. ఆరుగురిని కలిపి వేస్తే ఆ కోటా పోతుంది. ఆపైన మీ అమ్మకి పై బెర్తు వచ్చిందనుకో, రాత్రి పదింటికి ఎవరినో బతిమాలాలి. అమ్మానాన్నలకి ఒక టికెట్, మీ అత్తగారికి ఒకటి, మీ ముగ్గురికీ ఒకటి తియ్యి. పెద్దవాళ్ళ చార్జీల రాయితీ 2020 మార్చి నుంచి తీసేశారు, ఈ కింది బెర్తు సౌకర్యం మాత్రం మిగిలింది, దాన్ని వదులుకోవద్దు. బోగీలు వేరైతే అవనీ. లోపలికి వెళ్ళాక మీ ముగ్గురిలో ఒకరు ఆ బోగీకి మారడం తేలిక, మీ అమ్మ పైకెక్కడం తేలిక కాదు.

వెయిటింగ్ లిస్టు టికెట్ తీసి ఖాయమవుతుందిలే అని కూర్చోవద్దు. ఆన్‌లైన్లో తీసిన టికెట్ చార్టు వేసేసరికి పూర్తిగా వెయిటింగ్‌లోనే ఉంటే దానంతటదే రద్దవుతుంది. ఇలాంటి ప్రయాణంలో ఒక్క టికెట్ పోతే దాని వెనకున్నవన్నీ పోతాయి, హోటళ్ళతో సహా. తత్కాల్ మీద ఆధారపడడం కూడా ఇంతే. రెండు బళ్ళ టికెట్లని ముడిపెట్టుకునే సౌకర్యం ఒకటుంది, 2019లో వచ్చింది. మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పిపోతే, మొదటిది చేరిన మూడు గంటల్లోపు క్లెయిమ్ వేస్తే రెండో టికెట్ డబ్బు వెనక్కిస్తారు. ఒకే స్టేషన్లో దిగి అక్కడే ఎక్కేవాళ్ళకి అది పనికొస్తుంది. అయినా డబ్బు తిరిగొస్తుంది గానీ బెర్తు తిరిగిరాదమ్మా. రెండు బళ్ళ మధ్య ఒక రాత్రి ఉంచుకోవడమే అన్నిటికన్నా గట్టి ఏర్పాటు. అందుకే కలకత్తాలో పడుకోమన్నాను.

న్యూ జల్పాయ్‌గురిలో దిగగానే డ్రైవర్లు చుట్టుముడతారు, బ్యాగులు లాక్కుంటారు. కంగారుపడకండి. అందర్నీ ఒక చోట కూర్చోబెట్టి, ముందు మొహాలు కడుక్కోండి. స్టేషన్లో విశ్రాంతి గదులున్నాయి, ఖాయమైన టికెట్ నంబరు మీద ముందే ఆన్‌లైన్లో తీసుకోవచ్చు. కొన్ని గంటలకే తీసుకున్నా మీ అత్తగారు స్నానం చేసి, మందులు వేసుకుని, స్థిమితపడతారు. ఆ గంటన్నర మీకు దారిలో కలిసొస్తుంది. తర్వాత ప్రీపెయిడ్ టాక్సీ కౌంటరు దగ్గరికి అల్లుడుగారిని పంపు.

షేర్ జీపులో ఎక్కొద్దు. అందులో పదిమందిని కుక్కుతారు, వెనక సీట్లో మోకాళ్ళు ముడుచుకు కూర్చోవాలి, దారిలో ఆపమంటే ఆపరు. సిలిగురి నుంచి సిక్కిం ప్రభుత్వ బస్సులు కూడా నడుస్తాయి, ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి బాగుంటాయి. మీ ఆరుగురికీ బండి మొత్తం మాట్లాడుకోవడమే సరి. మాట్లాడేటప్పుడు రెండు ప్రశ్నలు అడగమను. బండి నంబరు సిక్కిందా, బెంగాల్‌దా? బెంగాల్ నంబరు బళ్ళు చాలావరకు ఊరికి కింద, దేవరాలి దగ్గర దింపేస్తాయి. అక్కణ్ణుంచి మళ్ళీ చిన్న టాక్సీలు మాట్లాడుకుని, సామాను మార్చుకోవాలి. రెండోది, ఇవాళ ఏ దారిన వెళ్తారు? సేవక్, తీస్తా బజార్, మెల్లి, రంగ్‌పో, సింగ్‌టమ్ మీదుగా వెళ్ళేదే పదో నంబరు జాతీయ రహదారి. అది మూసి ఉంటే గోరుబథాన్, లావా వైపునుంచి చుట్టుతిరిగి తీసుకెళ్తారు, అప్పుడు ఇంకో రెండు మూడు గంటలు కలుపుకోవాలి. రోడ్డు ఎప్పుడు తెరుస్తారో, మూస్తారో కలింపాంగ్ జిల్లా అధికారులు ప్రకటిస్తుంటారు. ముందురోజు రాత్రీ, బండెక్కే ముందూ గాంగ్‌టక్ హోటల్ వాళ్ళకి ఫోన్ చేసి కనుక్కో. వాళ్ళకన్నా బాగా ఎవరికీ తెలియదు.

మీ అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టు, కాళ్ళు చాపుకోవచ్చు, మలుపులకి కడుపు తిప్పడం కూడా తక్కువ. పిల్లాడికి వాంతుల మాత్ర డాక్టరునడిగి ఉంచుకో, బండి కదలడానికి అరగంట ముందు వెయ్యి. ఖాళీ కడుపుతోనూ, నిండా తినీ ఎక్కొద్దు. ఇక్కణ్ణుంచి పులిహోర, పెరుగన్నం తెచ్చుకున్నా మొదటి రోజుకే. చేగోడీలూ, అటుకులూ, మీ అమ్మ చేసే కందిపొడీ చివరిదాకా ఆదుకుంటాయి, అన్నం అక్కడా దొరుకుతుంది. గంటకోసారి బండి ఆపించి అందరూ దిగి నాలుగడుగులు వెయ్యండి. మొహమాటపడకు, బండి మీది.

బావగారు రైలు మనిషి కదా, సేవక్ దాటాక ఆయనకో సంగతి చెప్పు. గాంగ్‌టక్‌కి లేదు గానీ ఆ తీస్తా లోయలో రైలు ఒకప్పుడు ఉండేది. డార్జిలింగ్ చిన్నరైలు పట్టాల నుంచే ఒక కొమ్మ విడదీసి, 1915లో కలింపాంగ్ కింద గేల్‌ఖోలా దాకా వేశారు. 1950 వరదల్లో తీస్తా దాన్ని ఊడ్చుకుపోయింది, మళ్ళీ వెయ్యలేదు. మళ్ళీ ఇప్పుడు సేవక్ నుంచి సిక్కిం గుమ్మంలోని రంగ్‌పో దాకా పెద్దలైను వేస్తున్నారు. 2009లో శంకుస్థాపన చేశారు. 45 కిలోమీటర్లలో 14 సొరంగాలు, లైనులో ఎక్కువ భాగం కొండ కడుపులోనే. తీస్తా బజార్ స్టేషన్ కూడా భూమి లోపలే కడుతున్నారు. ఆ సొరంగాల నోళ్ళు మీకు రోడ్డు మీద నుంచే కనిపిస్తాయి. అక్కడ రాయి మెత్తనిది, వానకి జారుతుంది. ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందో ఆ కొండల్ని చూస్తే ఆయనకి అర్థమవుతుంది. ఆ లైను నడిచినా రంగ్‌పో నుంచి గాంగ్‌టక్‌కి మరో 40 కిలోమీటర్లు రోడ్డు మీదే పోవాలి.

కలకత్తా నుంచి వెళ్ళే రాత్రి ఫరక్కా దగ్గర గంగ దాటతారు, అది కూడా ఆయనకి చెప్పు. దేశవిభజనతో పాత డార్జిలింగ్ మెయిల్ దారి తూర్పు పాకిస్తాన్‌లో పడిపోయింది. ఆ తర్వాత 1971లో ఫరక్కా మీద రైలు నడిచేదాకా, సిలిగురి వెళ్ళాలంటే ఇవతలి ఒడ్డున రైలు దిగి, స్టీమరెక్కి గంగ దాటి, అవతలి ఒడ్డున మరో రైలెక్కేవారు. సామానూ పిల్లలూ ముసలివాళ్ళతో సహా. ఆ రోజుల్లో ఇలాంటి ప్రయాణం చేసినవాళ్ళు ఒక్క రాత్రి మజిలీకి విసుక్కునేవారు కాదు, అది ప్రయాణంలో భాగమనే అనుకునేవారు. నువ్వూ సిలిగురి రాత్రినీ, కలకత్తా రాత్రినీ వృథా అయిన రోజులుగా లెక్కెయ్యకు. ఖర్చు పెరుగుతుందని అల్లుడుగారంటే, గాంగ్‌టక్‌లో ఒక రాత్రి తగ్గించుకోండి గానీ మధ్య మజిలీ తగ్గించకండి.

విమానం సంగతి కూడా అడిగావట. గాంగ్‌టక్ దగ్గర పాక్యాంగ్‌లో 2018లో విమానాశ్రయం తెరిచారు గానీ మబ్బుల వల్ల విమానాలు సరిగా నడవక, దాన్ని నమ్ముకోవడానికి లేకుండా పోయింది. అందరూ దిగేది సిలిగురి పక్కనున్న బాగ్‌డోగ్రాలోనే. అంటే విమానమెక్కినా ఆ కొండదారి తప్పదు, సమయమొక్కటే కలిసొస్తుంది. బావగారి కోరిక తీర్చడమే మంచిది.

తిరుగు ప్రయాణానికి మాత్రం చాలా గట్టిగా చెబుతున్నాను. వెళ్ళేటప్పుడు ఆలస్యమైతే హోటల్ గది ఎక్కడికీ పోదు. వచ్చేటప్పుడు ఆలస్యమైతే రైలు వెళ్ళిపోతుంది, ఆరుగురి టికెట్లూ పోతాయి, మళ్ళీ ఆరు బెర్తులు వారం దాకా దొరకవు. అందుకని గాంగ్‌టక్‌లో పొద్దున లేచి అదే రోజు సాయంత్రం రైలెక్కుదామనే ఆలోచన పెట్టుకోకు. అక్కడ హోటల్ వాళ్ళు "నాలుగు గంటల్లో వెళ్ళిపోతారు సార్" అంటారు. వాళ్ళు చెప్పేది మంచి రోజు లెక్క. శుక్రవారం రూమ్‌టెక్ మఠం చూసుకుని, శనివారం పొద్దున కిందికి బయల్దేరండి. సిలిగురిలో స్టేషన్‌కి దగ్గరగా గది తీసుకోండి. ఎంత ఆలస్యమైనా ఆ రాత్రికి చేరతారు. ఆదివారం అక్కణ్ణుంచి విజయవాడ వైపు ఏ బండి ఉందో, దాని సమయమెంతో ముందే చూసుకుని, శనివారం దిగడాన్ని దానికి తగ్గట్టు ముందుకో వెనక్కో జరుపుకో. బయల్దేరే పొద్దున బండి ఎక్కడిదాకా వచ్చిందో ఫోన్లో చూసుకుని, అప్పుడు గది ఖాళీ చెయ్యండి. ప్లాట్‌ఫారం మీద అయిదు గంటలు మీ అత్తగారిని కూర్చోబెట్టే పని ఉండదు.

తేదీలు ఖాయం కాగానే నాకు పంపు. నవంబరు చివరి వారమైతే సెప్టెంబరు నెలాఖరుకి రిజర్వేషన్ తెరుస్తారు. ఏ బండికి ఏ రోజు పొద్దున ఎనిమిదింటికి కూర్చోవాలో నేను లెక్కగట్టి ఇస్తాను. వెళ్ళేదీ, వచ్చేదీ, మధ్యలోదీ మొత్తం మూడు బళ్ళు. మూడూ వేరువేరు రోజుల్లో తెరుచుకుంటాయి. తిరుగు టికెట్ ఖాయమయ్యేదాకా హోటళ్ళకి డబ్బు కట్టకు. మీ అమ్మకి ఉన్ని శాలువా ఉంది గానీ మంచి బూట్లు లేవు. ఇప్పుడే కొనిపెట్టు, రెండు నెలలు వేసుకుని తిరిగితే ప్రయాణానికి కాలికి అలవాటవుతాయి.

ఇట్లు,
మీ మావయ్య